పెంటకుప్ప నుంచి చెత్తగుట్ట దాకా

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు ప్రతి రైతుకూ తనదైన పెంటకుప్ప ఉండేది. ఊరి చివర, బాట పక్కన, ఎవరి జాగాలో వాళ్ల కుప్ప. పొద్దున్నే కొట్టం ఊడ్చిన పేడ, పశువులు తినగా మిగిలిన చొప్ప, పొయ్యిలో బూడిద, వాకిట్లో రాలిన ఆకు, గోడ అలికేటప్పుడు గీకిన పాత మట్టి అన్నీ గంపకెత్తి అక్కడ పోసేవాళ్లు. ఏడాది పొడవునా మాగిన ఆ కుప్ప ఎండాకాలంలో ఎడ్లబండి ఎక్కి పొలానికి చేరేది. ఉగాది దాటింది మొదలు మృగశిర కార్తె దాకా ఊరంతా పెంట తోలుడు పనిలోనే ఉండేది. రోహిణి ఎండల్లో చెల్కల మీద వరుసగా పోసిన నల్లని కుప్పలు కనిపిస్తే ఆ రైతు వానాకాలానికి సిద్ధమయ్యాడని అర్థం. పెంటకుప్ప ఎంత పెద్దదో చూసి ఆ ఇంటి పాడిని, వ్యవసాయాన్ని అంచనా కట్టేవాళ్లు.

ఇప్పుడు అదే ఊళ్లలో ‘జీరో వేస్ట్’ గురించి గోడల మీద రాతలు, పంచాయతీ బండిలో మైకు ప్రచారం వినిపిస్తున్నాయి. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని అధికారులు చెబుతున్నారు. నాలుగు తరాల కింద ఎవరూ చెప్పకుండానే సాగిన పని ఇది. అది ఎలా సాగింది, ఎవరి చెమట మీద సాగింది, ఎందుకు తెగిపోయింది అనే మూడు ప్రశ్నలకు జవాబు వెతికితే ఇబ్రహీంపట్నం చరిత్రతో పాటు హైదరాబాద్ చరిత్ర కూడా కొంత బయటపడుతుంది.

ఊరి పేరులోనే దాని పుట్టుక ఉంది. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మీద వెలసిన పట్నం ఇది. తెలుగు కవులను ఆదరించి, వాళ్ల నోట ‘మల్కిభరాముడు’ అనిపించుకున్న సుల్తాను ఆయన. హుస్సేన్ సాగర్ కూడా ఆయన కాలంలోదే. ఇక్కడి పెద్ద చెరువు ఆయన పేరుతోనే నిలిచింది. తర్వాత నిజాం కాలంలో షాబాద్ వైపు చందనవెల్లి దగ్గర నుంచి తవ్విన ఫిరంగి నాలా, దారి పొడవునా చెరువులను నింపుకుంటూ వచ్చి ఈ పెద్ద చెరువుకు నీళ్లు చేర్చేది. చెరువును నీళ్ల కోసమే కట్టారు. కానీ రైతుకు అది రెండు పంటలిచ్చేది. ఒకటి నీరు, రెండోది మట్టి.

వాన పడ్డప్పుడల్లా పొలాల మీది మెత్తటి మట్టి కొట్టుకొచ్చి చెరువు అడుగున చేరుతుంది. ఆకులు, పేడ, గొర్రెల పెంటిక, కుళ్లిన గడ్డి దానితో కలుస్తాయి. ఎండాకాలంలో చెరువు అడుగంటగానే రైతులు బండ్లు కట్టుకొని వెళ్లి ఆ ఒండ్రు తవ్వి పొలాలకు తోలేవాళ్లు. రంగారెడ్డి జిల్లా చెల్కల్లో నీళ్లు నిలవవు, ఇసుకపాలు ఎక్కువ. చెరువుమట్టి పడితే ఆ నేల తేమను పట్టుకుంటుంది. పొలం నుంచి జారిపోయిన సారాన్ని మళ్లీ పొలానికే చేర్చే ఈ పనితో చెరువు పూడిక కూడా తీరేది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇటీవలి దశాబ్దాల్లో తెలంగాణ చెరువుల పూడికను పరీక్షించి, అందులో నత్రజని, భాస్వరం, సేంద్రియ కర్బనం ఉన్నాయని, పొలానికి తోలితే రసాయన ఎరువుల ఖర్చు తగ్గుతుందని తేల్చారు. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల మరమ్మతు తలపెట్టినప్పుడు, తవ్విన మట్టిని రైతులే సొంత ఖర్చుతో ట్రాక్టర్ల మీద తోలుకుపోయారు. పాత అలవాటు అప్పటికీ పూర్తిగా చావలేదనడానికి అది సాక్ష్యం.

పొలానికి ఎరువు చేరే దారులు ఇంకా ఉండేవి. పంట కోశాక గొల్లకురుమలను పిలిచి పొలంలో మంద పెట్టించుకునేవాళ్లు. రాత్రంతా గొర్రెలు, మేకలు అక్కడే పడుకుంటే తెల్లారేసరికి ఆ మడి ఎరువుతో నిండేది. మంద యజమానికి గింజలో, డబ్బో ముట్టేది. ఇక ఇంట్లో చూస్తే పారేయడానికంటూ మిగిలేది చాలా తక్కువ. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలో పడి బర్రెకు చేరేవి. బూడిద గిన్నెలు తోమడానికి, విత్తనాలకు పురుగు పట్టకుండా కలపడానికి పనికొచ్చేది. పెండ్లికైనా, పండుగకైనా భోజనం మోదుగాకు ఇస్తరాకుల్లోనే. కల్లు తాటాకు రేకలో తాగేవాళ్లు. తిన్న ఇస్తరాకు, తాగిన రేక రెండూ ఆఖరికి పెంటకుప్పలోనే కలిసిపోయేవి. బతుకమ్మను పేర్చిన తంగేడు, గునుగు, గుమ్మడి పూలు చెరువులో కరిగిపోయేవి.

వస్తువులకు కూడా ఒక జన్మతో ఆయుష్షు తీరేది కాదు. కూటికుండ పగిలితే దాని అడుగు భాగం మంగలమై పేలాలు వేయించడానికి పొయ్యి ఎక్కేది. అరిగిన కర్రు కమ్మరి కొలిమిలో కాలి కొడవలో, గడ్డపారో అయ్యేది. చినిగిన చీరలు, ధోవతులు పొరలు పొరలుగా కుట్టిన బొంతలై పిల్లలకు చలికాలం పరుపులయ్యేవి. బొంతగానూ పనికిరానిది పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది. ఇంటి ముందుకొచ్చి పాత ఇనుముకు ఉల్లిగడ్డలు తూచే బేరగాళ్లు, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు, దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు కూడబెట్టి ఉంచితే వాటికీ ఏదో ఒక సామానిచ్చే వాళ్లు నిన్నమొన్నటి దాకా వీధుల్లో తిరిగారు. ఇత్తడి బోగానెలకు కళాయి పూసేవాళ్లు ఏడాదికోసారి వచ్చి ఊరి నడుమ చెట్టుకింద కొలిమి పెట్టేవాళ్లు. వీళ్లలో ఎవరి పనికీ ‘రీసైక్లింగ్’ అనే పేరు లేదు. వాళ్లకది బతుకుతెరువు.

ఈ బొమ్మ ఇంతటితో ఆపితే అందంగా ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది. ఊరి శుభ్రతలో అతి కష్టమైన పాలు కొన్ని కులాల మీద పడింది. చచ్చిన పశువును ఊరి నుంచి మోసుకుపోవడం, తోలు ఒలవడం, దాన్ని ఊనడం మాదిగల వంతు. ఆ తోలుతోనే చెప్పులు, ఎడ్ల పట్టెడలు, బావి నుంచి నీళ్లు తోడే మోట బొక్కెనలు, డప్పులు తయారయ్యేవి. ఊరి వ్యవసాయం ఆ చేతిపని మీద నిలబడింది. అయినా ఆ చేతులను ఊరు ముట్టుకోనిచ్చేది కాదు. తెలంగాణలో దొరల ఇళ్లకు తోలు సామాను ఉత్తపుణ్యానికి ఇవ్వాల్సి రావడం వెట్టిలో ఒక భాగం. 1940లలో మొదలైన రైతాంగ సాయుధ పోరాటం ఈ వెట్టి మీద కూడా తిరుగుబాటే. పాత ఊళ్లో చెత్త లేకపోవడానికి అందరి పొదుపు ఒక కారణమైతే, కొందరితో బలవంతంగా చేయించిన చాకిరి రెండో కారణం. మొదటిదాన్ని మెచ్చుకుంటూ రెండోదాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు.

పట్నంలో ఈ అన్యాయం మరింత ఘోరంగా కనిపించేది. హైదరాబాద్‌లో మున్సిపల్ వ్యవహారాలకు, రోడ్ల మరమ్మతుకు 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో ఒక శాఖ ఏర్పడింది. ఊడ్చే పని, పాయిఖానాలు ఎత్తే పని ఆ శాఖ లెక్కల్లోకి ఎక్కింది గానీ, ఆ పని చేసే మనుషులు మాత్రం పాత కులాలవాళ్లే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. 1911లో ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నగరాభివృద్ధి బోర్డును నెలకొల్పి, ఇరుకు బస్తీలను విడదీసి గాలి వెలుతురు వచ్చే ఇళ్లు కట్టించే పని మొదలుపెట్టించాడు. వరద తర్వాత నగరానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఆపే జలాశయాలతో పాటు మురుగు పారుదలకూ పథకం గీసిచ్చారు. భూగర్భ కాల్వలు వచ్చినా, చేతులతో మలం ఎత్తే పని మాత్రం దశాబ్దాల తరబడి ఆగలేదు. తెలుగు కుటుంబంలో కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపి, మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్ల తోడుతో పొడి మరుగుదొడ్లు కూల్పించే దాకా పోరాడాల్సి వచ్చింది. 1993లో ఒకటి, 2013లో మరొకటి చట్టాలు వచ్చాయి. విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం దక్కింది. మ్యాన్‌హోళ్లలో దిగి ఊపిరాడక చనిపోయిన కార్మికుల వార్తలు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి.

చెత్తను మళ్లీ మట్టికి చేర్చాలన్న ఆలోచన రైతుల అలవాటుగానే ఉండిపోలేదు. శాస్త్రవేత్తలూ దాన్ని ఊళ్ల నుంచే నేర్చుకున్నారు. ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి ఇండోర్‌లో పనిచేసి, ఆకులు, పేడ, మూత్రం నానిన మట్టిని పొరలుగా పేర్చి తిరగేస్తూ కుళ్లబెట్టే పద్ధతిని స్థిరపరచాడు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దాని మీద పుస్తకం రాశాడు. కొన్నేళ్లకే బెంగళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణాల చెత్తను, మలాన్ని గోతుల్లో పొరలుగా వేసి మట్టితో కప్పి ఎరువు చేసే పద్ధతిని రూపొందించాడు. దానికి ‘బెంగళూరు పద్ధతి’ అని పేరు వచ్చింది. ఆహారం చాలక అల్లాడిన 1940లలో దేశంలో ఎన్నో మున్సిపాలిటీలు ఇలా కంపోస్టు తీసి రైతులకు అమ్మాయి. అప్పటి పట్టణ చెత్తలో బూడిద, ఆకులు, కూరగాయల తొక్కలు, పేడే ఎక్కువ. దాన్ని ఏ రైతయినా జంకు లేకుండా పొలానికి తోలుకోగలిగేవాడు. ఆ చెత్త గుణమే ఆ పద్ధతికి ప్రాణం.

హైదరాబాద్ మురుగునీటికి కూడా ఒక పొలం దొరికింది. నగరం దాటాక మూసీ మీద పాతకాలం నుంచీ ఉన్న కత్వలు నీటిని మళ్లించి కాలువల్లోకి పంపేవి. నగరం పెరిగేకొద్దీ ఆ కత్వల్లో వాన నీటి పాలు తగ్గి మురుగు పాలు పెరిగింది. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఏదులాబాద్ వైపు రైతులు వరి వేసిన చోటే పశువుల గడ్డి పెంచడం మొదలుపెట్టారు. ఆ గడ్డి నగరంలోని బర్రెల దొడ్లకు, ఆ బర్రెల పాలు నగరంలోని ఇళ్లకు చేరేవి. మురుగులోని సారం గడ్డికి పనికొచ్చింది. ఫ్యాక్టరీల రసాయనాలు తోడయ్యాక అదే నీళ్లు రైతుల చర్మానికి, పశువులకు, బావులకు శత్రువయ్యాయి. కలవకూడనివి కలిస్తే పనికొచ్చేది కూడా విషమవుతుందని చెత్త కంటే ముందే మూసీ చెప్పింది.

ఇబ్రహీంపట్నం వైపు మార్పు ఒక్కరోజులో రాలేదు. 1960ల చివర్లో హరిత విప్లవంతో యూరియా, డీఏపీ బస్తాలు వచ్చాయి. బండ్ల కొద్దీ పెంట తోలే బదులు రెండు బస్తాలు చల్లితే పని తీరింది. ట్రాక్టరు రాగానే ఎడ్లు తగ్గాయి. ఎడ్లు తగ్గితే పేడ తగ్గింది, పేడ లేక కుప్ప చిన్నదైంది. గ్యాస్ పొయ్యితో బూడిద పోయింది. బోరుబావులతో మోట ఆగి, తోలు బొక్కెన అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఆ తర్వాత 1990ల నుంచి పాలిథిన్ కవరు, షాంపూ పొట్లం, గుట్కా ప్యాకెట్, నీళ్ల ప్యాకెట్, థర్మాకోల్ పళ్లెం ఊళ్లోకి దిగాయి. ఇవి పెంటకుప్పలో పడితే మాగవు, పొలంలో పడితే వేళ్లకు అడ్డుపడతాయి. ఆవు తింటే దాని కడుపులో ముద్దకడతాయి. రైతు కుప్పను చూసి మొదటిసారి మొహం తిప్పుకున్నది అప్పుడే. పొలాలు ప్లాట్లుగా మారాక కుప్ప వేయడానికి జాగా, ఎరువు తోలడానికి చెల్క రెండూ పోయాయి. ఇంటికి, పొలానికి మధ్య ఉన్న బండిబాట మాయమయ్యాక ఇంట్లో మిగిలినదానికి చేరే చోటు లేకుండా పోయింది. చెత్త సమస్య మొదలైంది సరిగ్గా అక్కడే.

నగరం ఈ లోపు తన చెత్తను పక్క జిల్లాకు మోస్తూ వచ్చింది. హైదరాబాద్ జిల్లా నుంచి 1978లో విడిపోయిన రంగారెడ్డి జిల్లా, నగరాన్ని చుట్టూ ఉన్న ఊళ్లతో పొదువుకున్న జిల్లా. నగరం చెత్తంతా దాని ఒళ్లోనే పడింది. తూర్పున వనస్థలిపురం దాటాక, కృష్ణజింకలు తిరిగే హరిణ వనస్థలి ఉద్యానవనం పక్కన ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీలు చెత్త కుమ్మరించాయి. ఆ కుప్పల చుట్టుపక్కల భూగర్భ జలాలను పరీక్షించిన పరిశోధకులు చెత్త నుంచి ఊరిన రసం నీళ్లలోకి దిగిందని నమోదు చేశారు. పడమర వైపు గంధంగూడ మరో చోటు. ఆ తర్వాత భారమంతా ఉత్తరాన ఉన్న జవహర్‌నగర్ మీద పడింది. అదీ అప్పట్లో రంగారెడ్డి జిల్లాలోదే. అక్కడ దాదాపు 350 ఎకరాల్లో లక్షల టన్నుల చెత్త గుట్టలుగా పేరుకుపోయింది. కింద మల్కారం చెరువు నల్లబడింది. దమ్మాయిగూడ, కాప్రా వైపు కాలనీలవాళ్లు వాసన భరించలేక రోడ్డెక్కారు, కోర్టులకు వెళ్లారు. 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడ్డాక, 2009లో రాంకీ సంస్థతో 25 ఏళ్ల ఒప్పందం కుదిరింది. పాత గుట్ట మీద మట్టి, ప్లాస్టిక్ పొరలు కప్పి, గడ్డి పెంచి మూసేశారు. 2020లో అక్కడే 19.8 మెగావాట్ల చెత్త విద్యుత్ కేంద్రం మొదలైంది. ఇవాళ నగరం నుంచి రోజుకు 7 వేల టన్నులకు పైగా చెత్త బయల్దేరుతోంది.

చెత్తను కాల్చి కరెంటు తీస్తే పీడ వదులుతుందన్న ఆశ ఈ జిల్లాకు కొత్త కాదు. సెల్కో అనే సంస్థ గంధంగూడలో నగరం చెత్తను ఆరబెట్టి, రాళ్లు ఇనుము వేరుచేసి, ఇంధన గుళికలుగా మార్చి, 2003లో షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నడిపింది. గుళికలకు వరి ఊక తోడు చేయాల్సి వచ్చేది. మన చెత్తలో సగానికి సగం తడి కాబట్టి దాన్ని ఆరబెట్టడానికే బోలెడు శక్తి ఖర్చవుతుంది. ఆ కేంద్రం ఎక్కువ కాలం నిలవలేదు. కలగలిపిన చెత్తను ఏ యంత్రంలో పోసినా యంత్రానిదే ఓటమి అన్న పాఠం అప్పుడే దొరికింది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పట్టించుకున్న చోటు ఒకటి విజయవాడ రోడ్డు మీదే ఉంది. ఘన వ్యర్థాల మీద అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా, 2000లో దేశమంతటికీ మున్సిపల్ చెత్త నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లకే లక్ష జనాభాకు అటూ ఇటూగా ఉన్న సూర్యాపేట మున్సిపాలిటీ వీధుల్లో చెత్తకుండీలు తీసేసింది. కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ హయాంలో ట్రాక్టర్ ట్రాలీని రెండు అరలు చేసి, ఇంటింటి దగ్గర తడి చెత్త ఒక అరలో, పొడి చెత్త మరో అరలో తీసుకున్నారు. తడి చెత్త వానపాముల ఎరువైంది. పొడి చెత్తను రకాలుగా విడదీసి అమ్మారు. దుకాణాల దగ్గర రుసుము వసూలు చేశారు. పెద్ద యంత్రాలు లేవు, విదేశీ అప్పు లేదు. దేశం నలుమూలల నుంచి మున్సిపల్ అధికారులు చూడటానికి వచ్చిన ఆ పద్ధతిలో నిజానికి జరిగింది ఒక్కటే: పెంటకుప్పకు, పాత సామాన్ల బేరగాడికి తెగిపోయిన దారిని మున్సిపాలిటీ మళ్లీ కలిపింది. ఇటీవలి ఏళ్లలో సిద్దిపేట అదే దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్లింది. చెత్త వేరుచేయడం నేర్పడానికి ‘స్వచ్ఛబడి’ పెట్టింది. తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ఏర్పాటు చేసింది. పెండ్లిళ్లకు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లాలు కొనకుండా స్టీలువి అద్దెకు తెచ్చుకునేందుకు స్టీలు బ్యాంకులు నడిపింది.

పల్లెలకు ఈ ఆలోచన 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి రూపంలో వచ్చింది. రాష్ట్రంలోని 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ సమకూరాయి. డంపింగ్ యార్డులో చెత్త వేరుచేసే షెడ్డు, పక్కన కంపోస్టు తొట్లు కట్టారు. ఇబ్రహీంపట్నం మండలంలోనూ ఊరూరా ఆ షెడ్లు లేచాయి. కొన్ని ఊళ్లలో అవి పనిచేస్తున్నాయి. ఎన్నో చోట్ల తొట్లు ఖాళీగా ఉండి, కలిసిపోయిన చెత్త పక్కనే తగలబడుతోంది. షెడ్డు కట్టడం సులువు, ఇల్లాలికి, పాలకులకు, కార్మికుడికి మధ్య నమ్మకం కట్టడం కష్టం. తాను వేరుచేసి ఇచ్చిన తడి పొడి చెత్తలు బండిలో మళ్లీ ఒకటైపోవడం ఒక్కసారి చూసిన మనిషి రెండోసారి వేరుచేయడు. ఆ బండి మీద నిలబడి చెత్త ఎత్తే పంచాయతీ కార్మికులకు 2019లో ప్రకటించిన వేతనం నెలకు 8,500 రూపాయలు. జీతం పెంచాలని, ఉద్యోగ భద్రత కావాలని వాళ్లు 2023 జూలైలో రాష్ట్రమంతటా సమ్మె చేశారు. ఆ రోజుల్లో ఊళ్ల పరిస్థితి చూసినవాళ్లకు, పల్లె ప్రగతి ఎవరి భుజాల మీద నడిచిందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రపంచంలో ఈ పని చేసి చూపించిన చోట్లు కూడా చెత్త వేరుచేయడం, కార్మికుడి హక్కు అనే ఈ రెండు సంగతులనే నొక్కి చెబుతాయి. జపాన్‌లోని కమికాట్సు అనే కొండ ఊరు 2003లో చెత్త లేని ఊరుగా మారతామని ప్రకటించింది. అక్కడ చెత్తబండి రాదు. తడి చెత్త ఇంట్లోనే ఎరువవుతుంది. మిగిలినదాన్ని జనమే కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు. దాదాపు 80 శాతం మళ్లీ వాడకంలోకి వెళుతుంది. 2020కల్లా పూర్తిగా సున్నా చేయాలన్న లక్ష్యం మాత్రం తీరలేదు. విడదీయలేని విధంగా తయారైన వస్తువులను ఊరు ఎంత కష్టపడినా ఏమీ చేయలేదని వాళ్లే తేల్చి, తయారీదారుల బాధ్యతను ముందుకు తెచ్చారు. పుణెలో మరో పాఠం ఉంది. చిత్తుకాగితాలు ఏరుకునే ఆడవాళ్లు 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకారీ పంచాయత్ పేరుతో సంఘం కట్టారు. ఆ సంఘం నుంచే పుట్టిన ‘స్వచ్ఛ్’ సహకార సంఘం, మున్సిపల్ కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకొని ఇంటింటి చెత్త సేకరిస్తోంది. ఇంటివాళ్లు నెలకింతని రుసుము కడతారు. పొడి చెత్త అమ్మగా వచ్చిన డబ్బు కార్మికులదే. గతిలేక చేసిన పని అక్కడ హక్కుగా మారింది.

ఇబ్రహీంపట్నం ఇప్పుడు ఒక మలుపులో ఉంది. సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగ్ కాలేజీలు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆదిభట్లలో ఐటీ, విమాన విడిభాగాల కంపెనీలు వచ్చాయి. కొంగరకలాన్‌లో 2022లో కొత్త కలెక్టరేట్ తెరిచారు. మున్సిపాలిటీగా మారిన ఊరికి 2020లో పాలకవర్గం ఎన్నికైంది. జనం పెరిగేకొద్దీ చెత్త పెరుగుతుంది; దాన్ని మోసుకుపోయి పోయడానికి మరో ఊరు కావాలనే ఆలోచనా పెరుగుతుంది. కానీ నగరం చెత్తకు కొత్త చోటు వెతికిన ప్రతిసారీ ఆ ఊరి జనం ఎదురుతిరుగుతున్నారు. 2025లో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్ దగ్గర జరిగిందీ అదే. పక్క ఊరి మీద పోసి చేతులు దులుపుకునే రోజులు చెల్లిపోయాయి. హైదరాబాద్ నలభై ఏళ్లు చేసిన తప్పును ఇబ్రహీంపట్నం మళ్లీ మొదటి నుంచి చేయాల్సిన అవసరం లేదు. దానికి హైదరాబాద్‌కు లేని ఒక వసతి ఇంకా మిగిలి ఉంది: చుట్టూ మంచాల, యాచారం వైపు ఇప్పటికీ పొలాలున్నాయి, కూరగాయలు పండించే రైతులున్నారు, సేంద్రియ ఎరువు కోసం వెతుకులాట ఉంది. ఊళ్లో పుట్టే తడి చెత్త ఆ పొలాలకు చేరడానికి దూరం ఎక్కువేమీ కాదు.

చరిత్ర నుంచి తీసుకోవాల్సింది తీసుకోవాలి, వదలాల్సింది వదలాలి. తీసుకోవాల్సింది, కలవకూడనివి కలపని అలవాటు, ఇంట్లో మిగిలినది పొలానికి చేరే దారి. వదలాల్సింది, ఆ పనిని ఒక కులానికి అంటగట్టి, చేసిన చేతిని దూరం పెట్టిన అమానుషం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు వేరుచేసి ఇవ్వడాన్ని ప్రతి ఇంటి బాధ్యతగా రాశాయి. మున్సిపాలిటీ వేరుగా ఎత్తే బండ్లు నడపాలి, కంపోస్టుకు నాణ్యత పరీక్ష చేయించి రైతుకు అందించాలి, కార్మికుడికి చేతొడుగులు, బీమా, నెల నెలా జీతం ఇవ్వాలి. ఫిరంగి నాలాలో, పెద్ద చెరువు శిఖం భూముల్లో చెత్తా శిథిలాలూ పోయకుండా కాపలా కాయాలి. ఇక ఇంటివాళ్ల వంతు. కూరగాయల తొక్కను పాలిథిన్ కవరులో ముడివేసి పారేయకుండా విడిగా ఇవ్వడానికి రోజుకు రెండు నిమిషాలు చాలు. ఇబ్రహీంపట్నం వాసులు ఆ రెండు నిమిషాలు ఈ రోజు నుంచే కేటాయించాలి, మిగతా పని చేయమని తమ వార్డు సభ్యులను, కమిషనర్‌ను గట్టిగా అడగాలి.